ఎదురు రెక్క

మెకానిక్ పనిలోకి కొత్తగా దిగిన కుర్రాళ్లు నా దగ్గరికి వస్తే రెండే అడుగుతారు. ఎన్ని బళ్లు బాగుచేశారు బాబాయ్, మీకు బాగా పేరు తెచ్చిన పని ఏది అని. బళ్లు నేను లెక్కపెట్టలేదు. పేరు తెచ్చిన పని మాత్రం ఒకటుంది. ఒక రేసు కారుకి ఫ్యాను రెక్క విరిగితే నందిగామ షెడ్డులో అతికించాను. ఆ రోడ్డు మీద పాత డ్రైవర్లు ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుంటారు. వాళ్లు చెప్పుకునేదాంట్లో సగం అబద్ధం. ఆ అబద్ధం పుట్టించింది నేనే కాబట్టి, నిజం కూడా నేనే రాయాలి.

మస్తాన్ మేస్త్రి

నేను పని నేర్చుకున్నది జగ్గయ్యపేటలో, మస్తాన్ మేస్త్రి దగ్గర, డెబ్భైల మొదట్లో. అప్పుడు మా ముఖాలకి కార్లెక్కడివి? లారీలు, ట్రాక్టర్లు, పొలాల మీది ఆయిలింజన్లు. మిరపతోటకి నీళ్లు పెట్టే రోజుల్లో ఇంజను ఆగిందంటే రైతు దాన్ని ఎద్దుబండి మీద తెచ్చి షెడ్డు ముందు దించి, బాగయ్యేదాకా అక్కడే కూర్చునేవాడు. మేస్త్రికి నోటి దురుసు ఎక్కువ. కోపమొస్తే చేతిలో ఏది ఉంటే అది విసిరేవాడు. కానీ బండిని చెవితో చూసేవాడు. బానెట్ ఎత్తకముందే జబ్బు చెప్పేవాడు. అలాంటి మనిషి దగ్గర నాలుగు తిట్లు తిన్నా నష్టం లేదు.

ఒకరోజు పత్తి బోరాల లారీ వచ్చింది. రేడియేటరు వెనక ఉండే నాలుగు రెక్కల ఇనప ఫ్యానుకి ఒక రెక్క విరిగిపోయింది. మేస్త్రి చూసి, రంపం తెమ్మని, విరిగినదానికి సరిగ్గా ఎదురుగా ఉన్న మంచి రెక్కని కోయటం మొదలుపెట్టాడు. లారీ ఓనరు లబలబలాడాడు.

"ఓరి నాయనో! బాగున్నదాన్ని కోస్తావేందయ్యా? మతిగాని పోయిందా?"

"మూడు రెక్కలుంటే ఓ పక్కకి బరువెక్కువై ఊగుద్ది. ఊగితే వాటర్ పంపు పోద్ది. పంపు పోతే ఇంజనే పోద్ది. రెండిటితో నెమ్మదిగా పో. విజయవాడలో కొత్తది ఏయించుకో," అన్నాడు మేస్త్రి తలెత్తకుండా.

లారీ వెళ్లాక నా వైపు తిరిగాడు. "అరే కోటయ్యా, ఇది గుర్తుపెట్టుకో. నిలబడేదాన్ని అతికించు. తిరిగేదాన్ని అతికించొద్దు. తిరిగేది విరిగితే ఎదురుది కొయ్యి."

నేను బుద్ధిగా తలూపాను. తలూపటం వేరు, వినటం వేరని అప్పటికి తెలియదు.

అతుకుల కోటయ్య

నాకు ఒక పొగరు ఉండేది. ఆ పొగరు నా చేతి నుంచి వచ్చింది. పగిలిన బ్యాటరీ పెట్టె గానీ, బీటవారిన డిస్ట్రిబ్యూటర్ మూత గానీ నా చేతిలో పడితే మళ్లీ పనిచేయాల్సిందే. డిస్ట్రిబ్యూటర్ మూత అంటే నల్లగా, పింగాణీలా గట్టిగా ఉండే ప్లాస్టిక్. దాని బీటని సన్నగా గీరి, పెట్రోలుతో కడిగి, రెండు ట్యూబుల జిగురు కలిపి నింపి, ఎండలో పెట్టేవాణ్ణి. పట్నం నుంచి కొత్తది వచ్చేదాకా నడిస్తే చాలనుకున్న పెట్రోలు లారీ ఆ మూతతోనే రెండేళ్లు తిరిగేది. డ్రైవర్లు నాకు అతుకుల కోటయ్య అని పేరు పెట్టారు. పైకి విసుక్కునేవాణ్ణి గానీ లోపల పొంగిపోయేవాణ్ణి.

కుర్రాళ్లకి ఒక మాట. మిమ్మల్ని తిట్టే మేస్త్రి వల్ల మీకు ప్రమాదం లేదు. మీకు ముద్దు పేరు పెట్టి, చుట్టూ మూగి చూసే జనం ఉంటారే, వాళ్లతో జాగ్రత్త. వాళ్లు చూస్తున్నప్పుడు మీ చెయ్యి మీ మాట వినదు.

షెడ్డు, క్యారేజీ

మస్తాన్ మేస్త్రి పోయాక నేనూ ప్రకాశమూ కలిసి నందిగామలో, హైదరాబాదు రోడ్డు మీద షెడ్డు వేసుకున్నాం. ప్రకాశం కూడా మేస్త్రి శిష్యుడే. ఇనప ముక్కని తిప్పుతూ చెక్కే లేతు మిషను పని వాడిది. వాడు తీసిన బుష్ వేలితో తడిమితే గాజు తడిమినట్టుండేది. వాడిది పెనుగంచిప్రోలు. వాళ్లమ్మ మరియమ్మ మిరపకాయలు కోసి, నాట్లు వేసి, కొడుకుని ఐటీఐ చదివించింది.

నాకు పెళ్లి కాలేదు. చేసుకోలేదని చెప్పటం గొప్పకి. కుదరలేదు. కుదరకపోవటానికి ఒక కారణం మరియమ్మ క్యారేజీ. ప్రకాశం రోజూ మొదటి బస్సుకి నాలుగు గిన్నెల క్యారేజీ తెచ్చేవాడు. రెండు వాడికి, రెండు నాకు. మున్నేటి చేపల పులుసు, గోంగూర, ఒక్కోసారి ఉత్త పప్పుచారు. పల్లెలో చర్చి పక్క ఇల్లు వాళ్లది. కులం పేరు ఎత్తి, ఆ ఇంటి కూడు తింటున్నాడని మా వాళ్లు ఒక పెళ్లిలో నన్ను బంతి చివర ఒక్కణ్ణీ కూర్చోబెట్టారు. నేను లేచి వచ్చేశాను. మళ్లీ వాళ్ల గడప తొక్కలేదు, వాళ్లూ పిలవలేదు. అన్నదమ్ములుండీ నేను ఒంటరివాణ్ణి. నాకు మిగిలింది ఆ రెండు గిన్నెలు, వాటిని పంపే మనిషి, తెచ్చే మనిషి.

ఆదివారం వాళ్లింటికి వెళ్తే మరియమ్మ నా పళ్లెం చూసి, "ఏందయ్యా కోటయ్యా, కోడిపిల్లలా కెలుకుతావు? పెళ్లాం లేదని కడుపు మాడ్చుకుంటావా?" అని ఇంకో గరిటె వేసేది. ప్రకాశం మూతి ముడిచి, "కొడుకుని నేనా, వాడా?" అనేవాడు.

"నీకు నేనున్నా. ఆడికెవరున్నారు?" అనేది.

ఆ మాట గుర్తుంచుకోండి.

తెల్ల ఫ్యాను

ఎనభై నాలుగో, ఎనభై అయిదో. ఎండలు ముదురుతున్న రోజులు. కార్ల పందెం ఒకటి మా వైపు నుంచి పోయింది. హైదరాబాదు నుంచి వచ్చి, ముక్త్యాల వైపు సున్నపురాయి దారుల్లో దుమ్ము రేపుకుంటూ తిరిగి, మళ్లీ రోడ్డెక్కి విజయవాడ మీదుగా సముద్రం దాకా పోవాలి. పొద్దున పదింటికి అందులో ఒక కారు మా షెడ్డు ముందు ఆగింది. తలుపుల మీద నంబరు, లోపల రెండే సీట్లు, ఒళ్లంతా ఎర్రదుమ్ము.

"భాయ్, రాయి ఎగిరొచ్చి ఫ్యానుకు తాకింది. నాకు గంటన్నర టైముంది. ఐతదా?" అన్నాడు డ్రైవరు. హైదరాబాదు మనిషి. పక్కన దారి చూపే మనిషి ఒకడు, చేతిలో కాగితాల అట్టతో.

బానెట్ ఎత్తితే తెల్లటి ప్లాస్టిక్ ఫ్యాను. నేను అప్పటిదాకా ఇనప ఫ్యాన్లే చూశాను. ఇది పాల మీగడలా నున్నగా, తేలికగా ఉంది. నాలుగు రెక్కల్లో ఒకటి మొదట్లో విరిగి, బెరడు పట్టుకుని వేలాడే కొమ్మలాగా ఉంది.

ప్రకాశం చూసి వెంటనే రంపం తీశాడు. "ఎదురుది కోసేద్దాం రా. మేస్త్రి చెప్పిందేగా. రెండు నిమిషాల పని."

అప్పటికే షెడ్డు ముందు జనం పోగయ్యారు. కోర్టు పనికి వచ్చినవాళ్లు, కాలేజీ పిల్లలు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు. ఎవరో, "అతుకుల కోటయ్య ఉండగా కోసేదేంది?" అన్నారు. ఆ మాట నా చెవిలో పడింది.

"రేసు కారురా ఇది. పత్తి లారీ కాదు. సగం ఫ్యానుతో పంపితే నందిగామ వాళ్లు కోసి పంపారంటారు," అన్నాను.

"తిరిగేదిరా కోటీ," అన్నాడు ప్రకాశం మెల్లగా, నాకు మాత్రమే వినపడేటట్టు.

"నాకు తెలుసు లేవోయ్."

ఫ్యాను విప్పాను. విరిగిన అంచులు ఆకురాయితో గరుకు చేశాను. రెండు వైపులా సన్న బెజ్జాలు వేసి రాగి తీగతో బస్తా కుట్టినట్టు కుట్టాను. రెండు ట్యూబుల జిగురు కలిపి మీద పట్టించి, రేకు మీద ఎండలో పెట్టాను. కుట్టిన రెక్క బరువెక్కింది కదా, దానికి సమానంగా ఎదురు రెక్కకీ తీగ చుట్టాను. సూది మొన మీద నిలబెట్టి చూస్తే ఎటూ వాలలేదు. నేను చేసిన పనుల్లో అంత అందమైన పని ఇంకోటి లేదు. డ్రైవరు వేలితో తడిమి, "ఏం చేతులు భాయ్ ఇవి!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

నాకు తెలియంది ఒకటే. ఆ నల్ల మూతల ప్లాస్టిక్ వేరు, ఈ తెల్ల ప్లాస్టిక్ వేరు. దీన్ని జిగురు పట్టుకోదు. తామరాకు మీద నీళ్లలా పైపైన నిలబడుతుంది. గోరుతో ఒక్కసారి గీరి చూసుంటే ఊడి వచ్చేది. నేను చూడలేదు. తెలియని సరుకు మీద తెలిసిన మందు రాసి, తెలుసుననుకున్నాను.

ఫ్యాను బిగించాం. డ్రైవరు సీట్లో కూర్చుని స్టార్ట్ చేశాడు. ఫ్యాను నెమ్మదిగా తిరిగింది. రేజ్ చేయమన్నాను. ఇంజను హోరెత్తింది. ఆ హోరులో నేను ప్రకాశం చెవి దగ్గరికి వంగి, "పక్క నుంచి వంగి చూడరా, కుట్టు దగ్గర కదులుతుందేమో," అన్నాను. తిరిగే ఫ్యానుకి పక్కగా నిలబడకూడదని మేస్త్రి మా ఇద్దరికీ మొదటి వారమే నేర్పాడు. ప్రకాశం ఒక్క క్షణం నా ముఖం చూశాడు. తరవాత రేడియేటరు మీద కుడిచెయ్యి ఆనించి వంగాడు.

టప్పున చప్పుడు. అంతే. రెక్క వెళ్లి షెడ్డు రేకుకి కొట్టుకుంది. ప్రకాశం చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. చూపుడు వేలూ నడిమి వేలూ లేవు.

రంపం

ఎవరో తువ్వాలు ఇచ్చారు, ఎవరో నీళ్లు తెచ్చారు. "పెద్దాసుపత్రికి పోవాలి, విజయవాడ!" అని ఒకరు అరిచారు. బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు. లారీ అయితే రెండు గంటలు. డ్రైవరు కిందకి దిగి, "నా బండిలో వెయ్యండి," అన్నాడు. దారి చూపే మనిషి తన సీటు ఖాళీ చేశాడు.

కానీ ఫ్యానుకి ఇప్పుడు మూడు రెక్కలు. అలా వెళ్తే దారిలో పంపు పోయి ఎక్కడో ఆగిపోతుంది, ప్రకాశం అందులో ఉండగా.

రంపం నేల మీద ఉంది, ప్రకాశం పెట్టినచోటే. తీసుకుని ఎదురు రెక్క కోశాను. నిజంగానే రెండు నిమిషాలు పట్టింది. మెత్తగా, బెండు తెగినట్టు తెగింది.

కారు వెళ్లిపోయింది. అందులో నాకు చోటు లేదు. షెడ్డులో నేనూ, కాగితాల అట్టతో ఆ రెండో మనిషీ మిగిలాం. జనం నా చుట్టూ చేరారు. "ఎట్టా జరిగింది? ఎట్టా జరిగిందయ్యా?"

నా నోటి నుంచి వచ్చింది మూడు మాటలు. "వాడే చెయ్యి పెట్టాడు."

ఎందుకన్నానో ఇన్నేళ్లలో ఎన్నోసార్లు వెతుక్కున్నాను. భయం వేసిందని చెప్పుకోవచ్చు. అది నిజం కాదు. చప్పట్లు కొట్టిన జనం ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్ల ముందు అతుకు చెడిపోయిందని ఒప్పుకోగలిగాను గానీ, వంగమన్నది నేనని ఒప్పుకోలేకపోయాను. ఇంజను హోరులో ఆ మాట విన్నది ప్రకాశం ఒక్కడే.

ఆ మాట నాకంటే ముందే పెనుగంచిప్రోలు చేరింది. మర్నాడు ఆసుపత్రికి వెళ్తే వరండాలో మరియమ్మ కొడుకు పక్కన కూర్చుని ఏడుస్తూ తిడుతోంది. "తిరిగేదాంట్లో చెయ్యి పెట్టేదెవుడురా? నీకు ఒళ్లు తెలవదా? ఇంత సదివించా, ఇంత బుద్ధి లేదా?" ప్రకాశం ఆమె భుజం మీంచి నన్ను చూశాడు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. వాడు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. కాసేపటికి వాడు గోడ వైపు తిరిగాడు.

మూడు రోజుల తరవాత డ్రైవరు హైదరాబాదు తిరిగి పోతూ షెడ్డు ముందు ఆపాడు. పందెం సంగతి ఆయన చెప్పలేదు, నేనడగలేదు. బానెట్ ఎత్తి చూపించాడు. ఇంకా ఆ రెండు రెక్కలే. "సముద్రం దాకా పోయొచ్చిన. ఏం కాలె," అన్నాడు.

బస్సులో వచ్చిన గిన్నెలు

ప్రకాశం మళ్లీ షెడ్డుకి రాలేదు. రెండు వేళ్లు లేని చేత్తో లేతు నడవదు. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీ నంబర్లు రాసే పని దొరికిందని ఎవరో చెప్పారు. ఎడంచేత్తో రాయటం నేర్చుకున్నాడట. వాడి లేతు మీద నేను గోనెపట్టా కప్పాను.

ఆసుపత్రి నుంచి వాళ్లు ఇంటికి చేరిన వారానికి, పెనుగంచిప్రోలు బస్సు కండక్టరు షెడ్డు ముందు ఆపించి ఒక క్యారేజీ అందించాడు. రెండు గిన్నెలది. "మరియమ్మ పంపింది. మా ఓడు లేకపోతే మాత్రం కోటయ్య పస్తుండాలా అంది," అన్నాడు. పైగిన్నెలో చేపల పులుసు.

తినకూడదనుకున్నాను. తిన్నాను. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. నాలుగేళ్లు వచ్చింది. ఖాళీ గిన్నె తిప్పి పంపకూడదంటారని, కడిగి ఒక గుప్పెడు పంచదార వేసి సాయంత్రం బస్సుకి ఇచ్చేవాణ్ణి. ఆదివారాలు వాళ్లింటికి వెళ్లటం మానేశాను. ఆమె అడిగి పంపేది, పనుందని చెప్పించేవాణ్ణి. పనేం లేదు. బల్ల మీద పడుకుని రేకులు లెక్కపెట్టేవాణ్ణి. ఒంటరితనం గురించి కుర్రాళ్లకి చెప్పేది ఇదే. మనుషులు లేకపోవటం దాంట్లో చిన్న భాగం. మన కోసం ఎదురుచూసే ఇల్లు ఉండీ, ఆ ఇంట్లో అడుగుపెట్టే ముఖం లేకపోతే, అది రోజంతా తింటుంది.

ఆ తరవాత ఎన్ని ఫ్యాన్లు వచ్చినా ఎదురు రెక్క కోసే పంపాను. ఎవరు నవ్వినా సరే. పనిలో తప్పు దిద్దుకోవటం నాకు అంత కష్టం కాలేదు.

ఒక సోమవారం బస్సు ఆగకుండా పోయింది. మంగళవారమూ అంతే. బుధవారం రోడ్డు మధ్యకి వెళ్లి చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. కండక్టరు తల దించుకున్నాడు. "నీకు తెలవదా అన్నా? ఆదివారం పోయింది. నిన్న చర్చి కాడ మట్టి చేశారు."

నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్లు ఎవరున్నారు?

గేటు

గురువారం ముక్త్యాల వెళ్లాను. సాయంత్రం బస్సు తప్పిపోయి, చివరిసారి వచ్చిన క్యారేజీ నా దగ్గరే ఉండిపోయింది. కడిగి, సంచిలో పెట్టుకున్నాను. ఈసారి పంచదార వేయలేదు. ఫ్యాక్టరీ గేటు ముందు లారీలు వరసగా ఉన్నాయి. రేకుల గదిలో బల్ల ముందు ప్రకాశం. తల నెరిసింది. నన్ను చూసి, పుస్తకంలోకి చూశాడు.

డ్రైవర్లు ఏడెనిమిదిమంది ఉన్నారు. సగంమంది నన్నెరిగినవాళ్లే. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనిపించింది. ఆగితే మళ్లీ చెప్పనని తెలుసు.

"ప్రకాశం," అన్నాను గట్టిగా. "ఆ రోజు నువ్వు చెయ్యి పెట్టలా. వంగి చూడమన్నది నేనే. జనం ముందు అబద్ధం చెప్పా."

ప్రకాశం ఎడంచేత్తో నంబరు పూర్తి చేసి, కాగితం చింపి ముందున్నవాడికి ఇచ్చాడు.

"నాకు తెలవదా?" అన్నాడు. "నాకు చెప్పి ఏం లాభం? చెప్పాల్సిన మనిషి పోయింది. చివరిదాకా అన్నం పెట్టినప్పుడల్లా నా చెయ్యి చూసి తిడతానే ఉంది."

"మరి నువ్వెందుకు చెప్పలేదురా? నాలుగేళ్లు తిట్లు తిని?"

ప్రకాశం నా సంచిలోంచి క్యారేజీ తీసుకున్నాడు. మూత తీసి, ఖాళీ గిన్నెలోకి చూసి, మళ్లీ పెట్టాడు.

"చెబితే నీకు కూడు పంపటం ఆపేసేది," అన్నాడు. "నీకెవరున్నారు?"

వెనక లారీ హారన్ కొట్టింది. "పక్కకి జరుగు, బండి రావాలి," అన్నాడు ప్రకాశం. జరిగాను.